గైడ్ హెచ్-ఇండెక్స్ 41, పేపర్లేమో ఆరు సబ్జెక్టుల్లో. చేరొచ్చా?

#1 అలిపిరి_మెట్లు
ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయింది, పీహెచ్‌డీ చేయడానికి జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. వచ్చే సోమవారంలోపు గైడ్ పేరు రాసివ్వాలి. ఊరు తిరుపతి. యూనివర్సిటీ పేరు అడగొద్దు, మన ఊళ్లో గుళ్ల తర్వాత ఎక్కువ ఉండేవి అవే.

ఇద్దరున్నారు. ఒక సారుకు స్కోపస్‌లో (పరిశోధన పేపర్ల ఆన్‌లైన్ పట్టిక) 212 పేపర్లు, ఆరు వేల పైన సైటేషన్లు (వేరే పేపర్లలో తలుచుకోవడాలు), హెచ్-ఇండెక్స్ 41. డిపార్ట్‌మెంట్ గేటుకు "హెచ్-ఇండెక్స్ 41 సాధించిన సందర్భంగా హార్దిక శుభాకాంక్షలు" అని ఫ్లెక్సీ కూడా కట్టారు. రెండో ఆవిడ మేడం. 14 ఏళ్లలో 19 పేపర్లు, హెచ్-ఇండెక్స్ 9.

ఇంట్లో అందరూ సారు దగ్గరే చేరమంటున్నారు. "41 ఎక్కడ, 9 ఎక్కడ, ఇంకా ఆలోచించేదేముంది" అన్నాడు మా మామ. ఆయనది ఎరువుల అంగడి. నాకున్న అనుమానం వేరే. సారు పేపర్లు ఆరు సబ్జెక్టుల్లో ఉన్నాయి. నానో పదార్థాలు సరే, అది ఆయన పనే. దాంతోపాటు మధుమేహం, వేరుశెనగ తెగుళ్లు, కాంక్రీటు, బ్యాంకు వడ్డీ రేట్లు, అంటార్కిటికా మంచు! ఒక్క మనిషి ఇన్ని చేయగలడా? మేధావా, తిరకాసా?

#2 రాగిసంకటి
వేరుశెనగ చేలోంచి అంటార్కిటికా దాకా వెళ్లాడంటే ముందు బస్సు చార్జీలు ఎవరిచ్చారో కనుక్కో తమ్ముడూ.

#3 లెక్కల_మాస్టారు
ముందు ఆ 41 ఏమిటో మీ మామకు అర్థమయ్యేలా చెప్పండి. మామిడి బుట్టలు పది ఉన్నాయనుకుందాం. ఒక్కో బుట్ట ఒక్కో పేపరు, కాయలు సైటేషన్లు. కాయలు ఎక్కువున్న బుట్ట ముందు, తక్కువున్నది వెనక పెట్టండి. 40, 22, 9, 6, 5, 3, 2, 1, 0, 0. ఇప్పుడు ముందు నుంచి లెక్కపెట్టుకుంటూ రండి. ఐదో బుట్టలో కనీసం ఐదు కాయలున్నాయా? ఉన్నాయి. ఆరో బుట్టలో ఆరున్నాయా? లేవు, మూడే. కాబట్టి హెచ్ 5. అంతే.

2005లో హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసరు కాలిఫోర్నియాలో కూర్చుని కనిపెట్టాడు. దీంట్లో చమత్కారం ఒకటుంది. మొదటి బుట్టలో 40కి బదులు 4,000 కాయలున్నా హెచ్ 5 దగ్గరే ఉంటుంది. ప్రపంచాన్ని మార్చిన పేపరు ఒక్కటి రాసి, ఆపైన ఇంకేమీ రాయని మనిషి హెచ్-ఇండెక్స్ 1.

#4 తోతాపురి
మాస్టారూ, చిత్తూరు జిల్లాలో మామిడిని బుట్టల్లెక్కన చెబితే నవ్వుతారు. ఇక్కడ టన్నుల్లెక్క, అదీ పల్ప్ ఫ్యాక్టరీ గేటు ముందు ట్రాక్టరు లైన్లో నిలబడి. మిగతాది బాగా అర్థమైంది.

#5 ఎస్వీయూ_పాతకాపు
రిటైరై ఆరేళ్లయింది, ఇప్పుడు నిజం చెప్పినా ఎవరూ ఇంక్రిమెంటు ఆపలేరు.

41ని, 9ని పక్కపక్కన పెట్టడమే తప్పు. ఒకే డిపార్ట్‌మెంట్ అయినా పని వేరైతే లెక్క వేరు. మెడిసిన్‌లో, బయాలజీలో పేపరు వచ్చిన రెండేళ్లకే పదులకొద్దీ సైటేషన్లు పడతాయి, ఎందుకంటే అక్కడ రాసేవాళ్లూ ఎక్కువే, ఒక్కో పేపరు చివర ఇచ్చే రిఫరెన్సులూ ఎక్కువే. గణితంలో ఒక సిద్ధాంతాన్ని అర్థం చేసుకోవడానికే నలుగురికి నాలుగేళ్లు పడుతుంది. నానో వాళ్లది తిరణాల, థియరీ వాళ్లది నలుగురు కూర్చునే అరుగు. తిరణాలలో నీ భుజం తగిలినవాళ్లందరినీ స్నేహితులని లెక్కేస్తావా?

సైటేషన్ల లెక్క మొదలుపెట్టింది ఫిలడెల్ఫియాలో గార్‌ఫీల్డ్. 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చాడు. ఏ పేపరు ఏ పేపరును తలుచుకుందో చూసి సమాచారం వెతుక్కోవడానికి అది. మనమేమో దాన్ని ప్రమోషన్లకు తక్కెడ చేసుకున్నాం.

#6 గాదంకి_గాలి
అంటార్కిటికా అంటే అంత నవ్వక్కర్లేదు @రాగిసంకటి. గాలి మీద పనిచేసేవాళ్లు తిరుపతి పక్కనే కూర్చుని 80 కిలోమీటర్ల ఎత్తు గురించి రాస్తారు. గాదంకిలో పై గాలిని కొలిచే ఎంఎస్‌టీ రాడార్ ఉంది, 53 మెగాహెర్ట్జ్, 1,024 యాంటెన్నాలు, పొలం నిండా నాటినట్టుంటాయి. దాని డేటాతో దేశమంతటా పీహెచ్‌డీలు వచ్చాయి. కానీ రాత్రుళ్లు ట్రాన్స్‌మిటర్ చెడిపోతే బాగుచేసిన మనిషి పేరు ఏ పేపర్లో ఉంటుంది? ఉంటే కృతజ్ఞతల పేరాలో, చివర. అది ఏ ఇండెక్స్‌లోకీ రాదు.

#7 రాగిసంకటి
@గాదంకి_గాలి సారీ అన్నా. మంచు మీద పేపరు ఓకే. మంచు మీద వేరుశెనగ అంటేనే నవ్వొచ్చింది.

#8 ధరణి_విత్తనం
వేరుశెనగ మాటొచ్చింది కాబట్టి. మా నాయన నారాయణి వేశాడు, ఇప్పుడు ధరణి వేస్తున్నాడు. రెండూ తిరుపతి వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చినవే. వాన రెండు వారాలు ఎగ్గొట్టినా చెట్టు నిలబడిందంటే మా ఊళ్లో ఆ రకం పేరు ఏడాది పొడుగునా చెప్పుకుంటారు. దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త ఎవరో మా నాయనకు తెలియదు, ఆయన హెచ్ ఎంతో అంతకన్నా తెలియదు. రైతు రచ్చబండ దగ్గర చెప్పేది సైటేషన్ కాదా?

#9 నిప్పులాంటి_నిజం
ఇంత చర్చ దేనికి? ఫిజిక్స్ ఆయన వడ్డీ రేట్ల మీద రాశాడంటే డబ్బులిచ్చి పేరు పెట్టించుకున్నాడు. ఖాయం. ఇలాంటివాళ్ల వల్లే మన చదువులు ఇలా ఉన్నాయి. ఫ్లెక్సీ ఫొటో పెట్టు, మొత్తం బయటపెడదాం.

#10 అలిపిరి_మెట్లు
@నిప్పులాంటి_నిజం ఫొటో పెట్టను. తెలియకుండా ఒకరిని దొంగ అనలేను, అందుకే అడిగింది. @రాగిసంకటి తమ్ముడు కాదు, చెల్లి.

#11 రాగిసంకటి
హ్యాండిల్ చూసి మోకాళ్ల నొప్పులున్న పెద్దాయన అనుకున్నా మొదట. తమ్ముడని తగ్గించానంటే సంతోషించాలి.

#12 సినాప్సిస్_ఐదోసారి
@నిప్పులాంటి_నిజం చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, ఈ సారు విషయంలో కాకపోయినా. నాకు వారానికి రెండు మెసేజీలు వస్తాయి. "ఏడు రోజుల్లో పబ్లికేషన్ గ్యారంటీ, థర్డ్ ఆథర్ స్లాట్ ఖాళీ ఉంది" అని. రైల్లో బెర్తు అమ్మినట్టు. నేనూ ఒకసారి పడ్డాను. పేపరు నాదే, పని నాదే, జర్నల్ మాత్రం దొంగది. పన్నెండు వేలు కట్టాను. మూడో రోజు యాక్సెప్ట్ అయింది, రివ్యూలో ఒకే వాక్యం, "చాలా మంచి పేపరు" అని. ఏడాదికి వెబ్‌సైటే మాయమైంది. ఇప్పుడు నా రెజ్యూమేలో ఆ లైను పెట్టాలంటే సిగ్గు, తీసేయాలంటే పన్నెండు వేలు గుర్తొస్తాయి.

2022 రూల్స్‌లో థీసిస్‌కు ముందు పేపరు తప్పనిసరి అన్నది యూజీసీ తీసేసింది. చాలా చోట్ల సొంత రూలు పెట్టుకుని ఇంకా అడుగుతున్నారు. వాళ్లు అడిగినన్నాళ్లు ఈ మెసేజీలు ఆగవు.

#13 లైబ్రరీ_కీచైన్
ఒక్క నిమిషం. 20 ఏళ్లుగా యూనివర్సిటీ లైబ్రరీలో చేస్తున్నాను. @అలిపిరి_మెట్లు, సారు పేరు చెప్పొద్దు, ఒక్కటి చెప్పు. పేరు చివర రెడ్డి, రావు, నాయుడు, కుమార్, ఇలాంటిదేమైనా ఉందా? ముందు ఒకటో రెండో అక్షరాలేనా?

#14 అలిపిరి_మెట్లు
అవును మేడం. ఒక్క అక్షరం, ఆ తర్వాత రెడ్డి.

#15 లైబ్రరీ_కీచైన్
అయితే తిరకాసు సారులో లేదు, మన పేర్లలో ఉంది.

మనకు ఇంటిపేరు ముందొస్తుంది, అదీ ఒక్క అక్షరంగా. పడమటి దేశాల్లో చివర ఉండేది ఇంటిపేరు. స్కోపస్ ప్రొఫైలును ఎవరూ కూర్చుని తయారుచేయరు, కంప్యూటరే పేరు, ఊరు, సంస్థ చూసి పేపర్లు పోగేస్తుంది. దాని దృష్టిలో "రెడ్డి" ఇంటిపేరు. చిత్తూరు, కడప జిల్లాల్లో ఒకే అక్షరంతో మొదలై రెడ్డితో ముగిసే శాస్త్రవేత్తలు ఎంతమంది ఉంటారో చెప్పక్కర్లేదు. ఒకే క్యాంపస్‌లోనే ముగ్గురు ఉండొచ్చు. అలాంటివి ఒక్కోసారి ఒకే మనిషి కింద కలిసిపోతాయి. దీనికి ఉల్టా కూడా ఉంది, ఒక్కరే మూడు ప్రొఫైళ్లుగా చీలిపోతారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు ఇది మరీ ఎక్కువ. మీ మేడం విషయంలో కూడా అది చూడు.

గూగుల్ స్కాలర్ ఇంకో రకం. అక్కడ ప్రొఫైలు మనమే తెరవాలి, కానీ "కొత్త పేపర్లు దానంతట అదే చేర్చు" అన్నది ఆన్‌లో ఉంటే పేరు కలిసిన ప్రతిదీ వచ్చి పడుతుంది. ఇదంతా తప్పించడానికే 2012లో ఆర్కిడ్ అనే 16 అంకెల నంబరు తెచ్చారు. ఆధార్ లాంటిది అనుకో. అది ఉన్నవాళ్ల లిస్టు చాలావరకు నమ్మొచ్చు.

ప్రతి పేపరు మీద సంస్థ పేరు, కో-ఆథర్లు చూసుకుంటూ రా. వడ్డీ రేట్ల పేపర్లో సంస్థ ఏదుందో చెప్పు.

#16 అలిపిరి_మెట్లు
చూశాను. ఎక్కడో కామర్స్ కాలేజీ. ఛ.

#17 నిప్పులాంటి_నిజం
అయినా ఫ్లెక్సీ కట్టేటప్పుడు ఆయనకు తెలియదా తన పేపర్లు ఎన్నో?

#18 లెక్కల_మాస్టారు
అది మాత్రం మంచి ప్రశ్న.

#19 బయోకెమ్_ల్యాబ్
పేర్ల గురించి అంటున్నారు కదా, మన యల్లాప్రగడ సుబ్బారావు గారినే చూడండి. అమెరికాలో ఆయన పేరు "సుబ్బరో" అయిపోయింది. 1925లో ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి రాశారు. మా ఎమ్మెస్సీ ప్రాక్టికల్స్‌లో ఇప్పటికీ అదే చేయిస్తారు. నీలం రంగు వస్తే మార్కులు, రాకపోతే రికార్డు మళ్లీ రాయాలి. నూరేళ్లు దాటినా ఆ పేపరును తలుచుకుంటూనే ఉన్నారు, మెడిసిన్ వాళ్లు, మట్టి పరీక్షల వాళ్లు, మొక్కల వాళ్లు. ఆయన ఆరు రంగాల్లో రాయలేదు, ఆరు రంగాల వాళ్లు ఆయన దగ్గరకు వచ్చారు.

అయినా హార్వర్డ్‌లో ఆయనకు పర్మనెంటు ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

#20 ఎస్వీయూ_పాతకాపు
@బయోకెమ్_ల్యాబ్ భలే చెప్పావు. అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లున్నది కూడా అలాంటి కొలత పద్ధతి పేపరే. 1951లో లౌరీ రాసిన ప్రొటీన్ కొలత, మూడు లక్షలు దాటింది. తన పనుల్లో అది గొప్పదేమీ కాదని ఆయనే అనేవాడు. సైటేషన్ అంటే మెచ్చుకోలు అనుకుంటాం, చాలాసార్లు అది ఇరుగింటి నుంచి తెచ్చుకున్న రోకలి లాంటిది. వాడుకుని తిరిగిచ్చేస్తారు, పొగడరు.

స్టాటిస్టిక్స్‌లో మన సి.ఆర్.రావు గారిదీ ఇలాంటిదే. ఆంధ్రా యూనివర్సిటీలో ఎమ్మే, ఆపైన కలకత్తా. పాతికేళ్ల వయసులో, 1945లో, కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో ఒక పేపరు వేశారు. ఇప్పటి లెక్కల్లో ఆ పత్రికకు ఎంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (సైటేషన్లను బట్టి పత్రికకు వేసే మార్కు) ఇస్తారు? కానీ స్టాటిస్టిక్స్ వాళ్లు ఇప్పటికీ చదివే క్రామర్-రావు, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతాలు రెండూ అందులోవే. రాడార్ సిగ్నళ్ల వాళ్లకీ కావాలి, ఎకనామిక్స్ వాళ్లకీ కావాలి. 2023లో, 102 ఏళ్ల వయసులో, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అదే ఏడాది పోయారు.

#21 పల్లె_నుంచి_పోస్ట్‌డాక్
అందరూ అంకెలను తిడుతున్నారు కాబట్టి ఎదురు చెబుతాను. మాది పుంగనూరు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. అంకెలు లేని కాలంలో ఉద్యోగం ఎవరికి వచ్చేదో పాతకాపు గారికి తెలుసు, నాకూ తెలుసు. "మనవాడేనా" అన్న ఒక్క ప్రశ్నకే. నాకు విదేశంలో పోస్ట్‌డాక్ వచ్చింది నా ఆరు పేపర్లు, వాటి సైటేషన్లు చూసి. నా ఇంటిపేరు, నా కులం, మా నాయన ఎవరో వాళ్లకు అక్కర్లేకపోయింది. తక్కెడలో మోసం ఉందని తక్కెడే వద్దంటే, చేత్తో తూచేవాడు మళ్లీ తన వాళ్లకే ఎక్కువ తూస్తాడు.

#22 ఎస్వీయూ_పాతకాపు
@పల్లె_నుంచి_పోస్ట్‌డాక్ ఒప్పుకుంటున్నా బాబూ. సెలక్షన్ కమిటీల్లో నేనూ కూర్చున్నాను. నువ్వన్న ఆ ప్రశ్న చెవులారా విన్నాను, ఒకసారి నోరు మూసుకుని ఊరుకున్నాను కూడా. తక్కెడ ఉండనీ. తరాజులో రాళ్లు ఎవరు పెడుతున్నారో చూడమంటున్నా, అంతే.

#23 తెలుగు_ఎమ్మే
మా డిపార్ట్‌మెంట్ వాళ్లం ఈ చర్చలో ఎక్కడ కూర్చోవాలి? తెలుగులో రాసిన వ్యాసం స్కోపస్‌లో కనబడదు, పుస్తకం అసలే కనబడదు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారు తిరుపతిలో కూర్చుని అన్నమయ్య రాగిరేకుల మీద పనిచేశారు. ఈ రోజుల్లో అయితే "సార్, మీ హెచ్ సున్నా, గ్రేడ్లిచ్చే నాక్ టీమ్ వస్తోంది, ఏదైనా చేయండి" అని మెమో ఇచ్చేవాళ్లు.

#24 రాగిసంకటి
అన్నమయ్యదైతే పరవాలేదు. ముప్పై రెండు వేల సంకీర్తనలంటారు, హెచ్ గట్టిగానే వచ్చేది. అన్నీ ఒకే స్వామి మీద కాబట్టి సబ్జెక్టు మారలేదు కూడా.

#25 తెలుగు_ఎమ్మే
సెల్ఫ్ సైటేషన్ తీసేస్తే? ప్రతి దాంట్లో వెంకటేశుడే.

#26 ఇద్దరికి_140
నవ్వులు సరే, ఉద్యోగాలకు, ప్రమోషన్లకు ఇచ్చే పాయింట్ల లెక్క చూడండి. యూజీసీ 2018 రూల్స్‌లో పేపరు ఇద్దరు రాస్తే ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు. అంటే పేపరు ఒకటి, పంచింది 140 శాతం. ముగ్గురు నలుగురైతే ముఖ్యమైన మనిషికి 70, మిగతా ఒక్కొక్కరికి 30. ముగ్గురు దాటాక ఎంతమందిని చేరిస్తే అంత పుణ్యం, ఎవరి వాటా తగ్గదు. పెళ్లి శుభలేఖలో బంధువుల పేర్లు వేసినట్టు వేస్తారు మరి.

#27 గాదంకి_గాలి
శుభలేఖలో ఒకప్పటి రికార్డు 2015ది. హిగ్స్ కణం బరువు మీద రెండు పెద్ద ప్రయోగాల వాళ్లు కలిసి వేసిన పేపరులో 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు పేర్లే. దొంగతనం కాదు, ఆ కణాన్ని పట్టిన యంత్రం నిజంగా అంతమంది పనే. కానీ అందులో ఉన్న కుర్రాడి హెచ్‌ను మన మేడం హెచ్‌తో పోలిస్తే ఎలా?

#28 పిల్లుల_అమ్మ
1975లో ఒక అమెరికా ఫిజిక్స్ ఆయన పేపరంతా ఒక్కడే రాసి, అలవాటుగా ప్రతి చోటా "మేము" అని టైపు చేశాడు. ఒక్కడివే ఉండి "మేము" అంటే జర్నల్ వాళ్లు ఒప్పుకోరు అన్నారెవరో. మళ్లీ టైపు చేయడానికి బద్ధకమై తన పిల్లిని రెండో ఆథర్‌గా పెట్టాడు. ఎఫ్.డి.సి. విలర్డ్ అని పేరు. ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో వచ్చింది. మా ఇంట్లో మూడున్నాయి, ఒక్కటీ రూపాయి పని చేయదు.

#29 సినాప్సిస్_ఐదోసారి
మా గైడ్ కన్నా ఆ పిల్లి నయం. కనీసం కరెక్షన్లు చెప్పలేదు.

#30 టాప్2_బాధితుడు
మా కాలేజీలో "ప్రపంచ టాప్ 2 శాతం శాస్త్రవేత్త" ఫ్లెక్సీ కూడా ఉంది. అది అవార్డా?

#31 లైబ్రరీ_కీచైన్
అవార్డు కాదు, పట్టిక. స్టాన్‌ఫర్డ్‌లో అయోనిడిస్ బృందం స్కోపస్ డేటాతో తయారుచేస్తుంది. ఉన్నంతలో బాగా ఆలోచించి చేసిందే. శాస్త్రాలను 22 రంగాలు, 174 ఉపరంగాలుగా విడగొట్టి ఎవరి వీధిలో వాళ్లను పోలుస్తారు. ఒంటరిగా రాశారా, మొదటి పేరా, చివరి పేరా అన్నది కూడా చూస్తారు. సొంత సైటేషన్లతో ఒక ర్యాంకు, అవి తీసేసి ఒక ర్యాంకు పక్కపక్కనే ఇస్తారు. ఫ్లెక్సీ మీద ఏది వేశారో అడగండి. కానీ అదీ స్కోపస్ మీదే నిలబడింది కాబట్టి పేరు కలిసిపోతే అక్కడా కలిసిపోతుంది.

@అలిపిరి_మెట్లు, అంకెలు పక్కన పెట్టి ఇద్దరి స్కాలర్లనూ కలిసి మాట్లాడు. ఎన్నేళ్లకు థీసిస్ ఇచ్చారు, ఫెలోషిప్ బిల్లు మీద సంతకం నెలనెలా అవుతుందా, పేపర్లో మొదటి పేరు స్కాలర్‌దా గైడ్‌దా. ఈ మూడూ ఏ వెబ్‌సైట్లోనూ దొరకవు.

#32 అలిపిరి_మెట్లు
అందరికీ అప్‌డేట్. శుక్రవారం రెండు పనులు చేశాను.

ఒకటి, కీచైన్ మేడం చెప్పినట్టు 212 పేపర్లూ ఒక్కొక్కటే తెరిచాను, రాత్రి రెండయింది. సారువి 87. మిగతావి నలుగురు వేరే మనుషులవి. ఆ 87తో లెక్కేస్తే హెచ్ 16.

రెండోది, ధైర్యం చేసి సారు గదికి వెళ్లి కాగితం చూపించాను. తిడతారనుకున్నా. ఆయన కళ్లజోడు పైకి నెట్టి మొత్తం చదివి, "మధుమేహం పేపరు కూడా నాది కాదా? నాకుంది కాబట్టి నాదే అనుకున్నారేమో" అని నవ్వారు. ఫ్లెక్సీ ఆయన కట్టించలేదట, స్టూడెంట్లు కట్టారు. 41 ఎక్కడిదని ఆయనకూ సందేహమే వచ్చిందట, "అడిగితే తగ్గుతుందేమోనని అడగలేదు" అన్నారు. అది విన్నాక కోపం రాలేదు నాకు. దిద్దమని అక్కడికక్కడే స్కోపస్‌కు అర్జీ పెట్టించారు, నాతోనే.

#33 నిప్పులాంటి_నిజం
నా 9వ పోస్టును రిట్రాక్ట్ చేస్తున్నాను. 17వది మాత్రం ఉంచుతున్నా.

#34 తోతాపురి
మేడం సంగతేమైంది?

#35 అలిపిరి_మెట్లు
మేడం ప్రొఫైలు నిజంగానే రెండు ముక్కలుగా ఉంది, పెళ్లికి ముందు పేరుతో ఏడు పేపర్లు వేరే ఉన్నాయి. కలిపితే 26, హెచ్ 13. ఆవిడ స్కాలర్లు ఆవిడంటే ప్రాణం పెడతారు. చేరిపోదామని వెళ్తే ఖాళీ లేదు. అసోసియేట్ ప్రొఫెసరుకు ఆరుగురే స్కాలర్లు, ఆరూ నిండాయి. ఇన్ని రోజులు ఇంత తన్నుకున్నా ఆ ఒక్క ప్రశ్న ముందే అడగలేదు చూడండి.

సారు స్కాలర్లను కూడా కలిశాను. నాలుగున్నరేళ్లు, బిల్లులు టైముకే, మొదటి పేరు వాళ్లదే. సోమవారం సారు పేరే రాసిచ్చాను. మేడం నా అడ్వైజరీ కమిటీలో ఉంటానన్నారు.

#36 ఎస్వీయూ_పాతకాపు
16, 13. ఇప్పుడు మీ మామ ఏమంటాడు?

#37 అలిపిరి_మెట్లు
"పంతులు లెక్క తగ్గించి చెబితే నిజమే చెబుతున్నాడని అర్థం" అన్నాడు. ఎరువుల బస్తాల అనుభవం.

#38 రాగిసంకటి
ఫ్లెక్సీ తీశారా చెల్లీ?

#39 అలిపిరి_మెట్లు
లేదు. మొన్న గాలివానకు ఒక మూల తాడు తెగి, 4 ఉన్న చోట మడత పడింది. రెండు రోజుల్నుంచి గేటులోంచి వచ్చేవాళ్లందరూ "హెచ్-ఇండెక్స్ 1 సాధించిన సందర్భంగా" అని చదువుకుంటూ లోపలికి వస్తున్నారు.